రెండు డెసిబెళ్ల దిగ్విజయము

సమస్త ఉద్యోగిజనము సెలవుదిన మధ్యాహ్న భోజనభారమున సోలిపోవ, కుళాయిలు సైతము ధార మాని బొట్లతో సరిపెట్టుకొను ఆ నిశ్శబ్ద శుభముహూర్తమున, మూడవ అంతస్తున, ఇస్త్రీబల్లకును ఆరవేసిన బట్టలకును నడుమ మిగిలిన ఇరుకు గదియందు, హెడ్‌ఫోను కిరీటధారియై, మౌసు ఖడ్గపాణియై, తిరుగుడు కుర్చీ రథారూఢుడై ఒక మహావీరుడు యుద్ధసన్నద్ధుడై యుండెను. అతని కథ వినుడు! మీరు వినకున్నను పక్కింటివారికి ఎటులును వినబడును.

వారమంతయు అతడు కళ్ళద్దాల దుకాణమున అద్దములు అరగదీయు సామాన్యుడు. సెలవునాడు మాత్రము కంప్యూటర్‌సంగీత సార్వభౌముడు. ఆ బిరుదు అతడే ఇచ్చుకొనెను. వీధివారు ఇచ్చినది వేరు: ఢంఢం. గది గోడల ప్రతిధ్వనిని అణచుటకై ఇంటిలోని దుప్పట్లనన్నిటిని మేకులకు వ్రేలాడదీసిన ధీరుడతడు. తత్ఫలితముగా, ఆ ఇంటి యజమానియగు వాని బావ కొంతకాలముగా తువ్వాలు కప్పుకొని పండుకొనుచుండెను.

శత్రువులెవరందురా? ఇరువురు. ఒకటి డ్రమ్ము, ఒకటి బేసు. రెండును అతడు తన చేతులార సృష్టించినవే. రెండింటిదీ లోగొంతే; పాటయొక్క అడుగుభాగము రెండింటికిని కావలెను. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా! అందుచేత పాట ‘ఢం’ అనవలసినచోట ‘బుబ్బుబ్బు’ అనుచుండెను. పాటలోనివారికందరికి ఎవరిచోటు వారికి చూపుట మిక్సింగు. చోట్లు కుదిరిన పిదప మొత్తము పాటకు తుదిమెరుగు పెట్టి గొంతు పెంచుట మాస్టరింగు. మన వీరుడు చోట్లు కుదురకమునుపే గొంతు పెంచు రకము. అతని కంప్యూటరునందు ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’, ‘ఒట్టు, ఇదే ఫైనల్’ అను నామధేయములతో ఆ ఒక్క పాటయే పలు జన్మములెత్తి యుండెను.

అయితే నేటి యుద్ధము వేరు. వాని అక్క వీధిచివరి హాలునందు పెద్దవయసు ఆడవారికై వ్యాయామ తరగతి నేడే, సాయంత్రము ఐదింటికి, ప్రారంభింపనుండెను. దానికి పాట కావలెనని తమ్ముని అడిగెను. ఇది పరిహాసమునకు చెప్పుమాట కాదు: వాడు సంగీతము మొదలిడిన నాటినుండి వాని పాట కావలెనని నోరు తెరచి అడిగిన మానవమాత్రురాలు ఆమె యొక్కతెయే. ఆ పాట నేడు ఈయలేకపోయినచో మరి అడుగువారుండరని వాని దిగులు.

కావున వీరుడు తెరమీది ఈక్వలైజరనెడి ఆయుధమున బేసును తగ్గించు మీటను పట్టి గర్జించెను.

“ఓరీ బేసాధమా! అన్నవంటి డ్రమ్ము నెత్తిపై కూర్చుండి కాలు మీద కాలు వేసికొందువా? నీ గర్వము నేడు గీత గీతగా తెగగోసి, నిన్ను పాతాళమునకు...”

“ఎవరితోరా మాట్లాడుతున్నావ్?” తలుపు సందున అక్క తల కనబడెను.

“ఎవరితో లేదక్కా.”

“అయిందా మరి?”

“అయిపోవచ్చింది. చిన్న టచప్పు.”

“నీ చిన్న టచప్పుకి పోయిన ఎండాకాలం నుంచీ చూస్తున్నా,” అని ఆమె వెడలెను.

వీరుడు మీటను కొంచెము దించెను. ఆహా! మబ్బు విచ్చినట్లు తోచెను. ఇంకను దించెను. డ్రమ్ము స్పష్టముగా వెలికివచ్చెను. మీటను తుదకంట దించి, కన్నులు మూసి, తన చెవుల సూక్ష్మతకు తానే ముగ్ధుడై, తనవంటి శ్రవణకోవిదుడు ఈ వీధిలోనే కాదు, పక్కవీధిలో సైతము లేడని నిశ్చయించుకొనెను. ఆపై మాస్టరింగు సాగించి, పాట గొంతును చిరుగునంతదాక పెంచి, విజయశంఖము పూరింప క్రిందికి ఉరికెను.

ఏలయన ఇంటిలో పాటలు కట్టు శూరులకు ఒక నియమము కలదు: కారులో వినక ఏ పాటయు పాట కాదు. వీరుడు బావను లాగికొనిపోయి, అతని కారులో కూర్చుండబెట్టి పాట పెట్టెను. ‘బుబ్బుబ్బు’ అనెను పాట. ప్రక్క అద్దము వణకెను. బావ ఓపికగా, బహు ఓపికగా, వినుచు కూర్చుండెను.

“పాట ఎప్పుడు మొదలవుతుంది?”

“అయిపోవచ్చింది బావా.”

“అవునా? నేనింకా ఇంజను అనుకుంటున్నా.”

“మీ కారు స్పీకర్లు సరిగ్గా లేవు బావా.”

“నిన్నటిదాకా బాగానే ఉన్నాయే! నువ్వు ఎక్కాకే ఏదో అయినట్టుంది.”

అంతలో చాపలు చంకనిడుకొని అక్క దిగివచ్చెను. తమ్ముని మొగము చూచెను. కసరినను బాగుండెడిది. ఆమె మెల్లగా, “పోనీ వదిలెయ్‌రా. మీ బావ ఫోన్లో ఏదో ఒకటి పెట్టుకుంటాలే,” అనెను. ఆ మెత్తని మాట వీరుని గుండెలో కలుక్కున దిగెను.

మెట్లు రెండేసి చొప్పున దాటి, రొప్పుచు తెరముందు కూలబడి చూచెను గదా, ఏమని చెప్పుదును! ఈక్వలైజరు పేరు ప్రక్కనున్న చిన్న బొత్తాము ఆపివేయబడి యుండెను. ఉదయమున ‘ముందు ఎట్లుండెనో విందము’ అని తానే ఆపెను. మరల నొక్కుట మరచెను. మధ్యాహ్నమంతయు అతడు పట్టి పోరాడిన మీటకు ఆవల ఏమియు లేదు. విచ్చిన మబ్బు లేదు, వెలికివచ్చిన డ్రమ్ము లేదు. విన్నది చెవి కాదు, ఆశ. శ్రవణకోవిదునికి చెవులు మాత్రము ఎఱ్ఱబడెను.

బొత్తాము నొక్కెను. తుదకంట దించిన మీట ఒక్కసారిగా పనిచేసి, బేసు సమూలముగా నశించి, పాట డబ్బాలో పడిన ఈగవలె మూలిగెను. గడియారము చూచెను. అప్పుడు ఆ వీరుడు జన్మలో ఎన్నడును చేయని సాహసము చేసెను. కిటికీలోనుండి తల వెలికిపెట్టి, “అక్కా, ఒక్కసారి పైకి రావా! నాకు తెలీటం లేదు,” అని వీధి వినునట్లు అరచెను.

అక్క చాపలతోనే పైకి వచ్చెను.

“నాకేం తెలుసురా సంగీతం?”

“సంగీతం వద్దు. క్లాసులో వేసే అడుగులే వెయ్యి. నేను మీట మెల్లగా పైకి లేపుతుంటా. కాలు దానంతటది ఎక్కడ పడితే అక్కడ చెప్పు.”

వీరుడు హెడ్‌ఫోను ఊడదీసి పాటను స్పీకరులో పెట్టగా, ఇస్త్రీబల్లను ప్రక్కకు నెట్టి ఆమె అడుగులు వేయసాగెను. వీరుడు మీటను వెండ్రుకవాసి చొప్పున ఎత్తసాగెను. ఆమె తడబడెను, తడబడెను, చాపపై కాలు వేసి తూలెను. “ఏంట్రా ఇది, నేల లేనట్టుంది,” అనెను. వీరుడు ఇంకను ఎత్తెను. ఉన్నట్టుండి ఆమె పాదము డ్రమ్ముతోడ ‘ఢం’ అని పడెను. వెనువెంట బేసు తన చోటున తాను ‘ఊం’ అనెను.

“ఆగు! ఇక ముట్టుకోకు. ముట్టుకున్నావో, చెయ్యి విరగ్గొడతా.”

వీరుడు అంకె చూచెను. ఇంత రణమునకు, ఇన్ని గర్జనలకు, బావ చలికి, బేసు తగ్గవలసినది ధ్వని కొలతలో గోరంతయైన రెండు డెసిబెళ్లు! నవ్వవలెనో ఏడువవలెనో తోచక, పాట గొంతును సైతము చిరుగని మేరకు దించి, మీటను ముట్టుకొనకయే అక్క ఫోనునకు పంపెను. ముట్టుకొనకుండుటకు రెండు చేతులను తొడల క్రింద పెట్టుకొని కూర్చుండవలసి వచ్చెను.

ఐదింటికి హాలునందు పాట మ్రోగెను. తలుపు కడ గోడకానుకొని వీరుడు ఊపిరి బిగబట్టి నిలిచెను. మోకాళ్ల నొప్పులవారు, నడుము పట్టీలవారు, కూతురు బలవంతమున వచ్చినవారు, అందరి కాళ్లును ఒక్కసారిగా నేలమీద పడెను. మరల పడెను. ముందువరుసలోని రిటైరైన పంతులమ్మ ఆయాసపడుచునే అక్కను అడిగెను.

“పాట ఎవరిదమ్మా?”

“మా తమ్ముడు చేశాడండీ.”

“అలాగా! కాస్త సౌండు పెంచమ్మా.”

అక్క తలుపు వైపు ఒక్కచూపు చూచి, స్పీకరును ఒక గీత పెంచెను. కావున సకల జనులకు ఇందుమూలముగా చాటడమేమనగా: బేసు రెండు డెసిబెళ్లు తగ్గెను, పాట ఒక గీత పెరిగెను, వీరుడు గోడకు ఆనుకొనియే, ఎవరును చూడకుండ, తాను సైతము అడుగు వేసెను.