ఫ్రాన్సుకి సాగనంపు కూటం

ఆ సోమవారం పొద్దున పాట్రిక్ అనుకున్న పని చాలా చిన్నది. మలేసియాలోని తన ఊరు బంటింగ్‌లో బస్సెక్కి కౌలాలంపూర్ వెళ్ళాలి, ఫ్రెంచి రాయబార కార్యాలయంలో ఒక్క మాట అడగాలి, భోజనం వేళకి ఇంటికొచ్చెయ్యాలి. అతని తల్లి జోసఫీన్ పుట్టింది యానాంలో. ఫ్రెంచివాళ్ళు ఆ ఊరు వదిలిపోయినప్పుడు ఆమె తండ్రి ఫ్రాన్సు పౌరసత్వమే ఉంచుకున్నాడు. తల్లి ఫ్రెంచి మనిషైతే కొడుకూ అవుతాడని ఎవరో అనగా పాట్రిక్‌కి ఆశ పుట్టింది. యాభై దగ్గరపడ్డాక పుట్టే ఆశలు కాస్త మొండివి.

వెళ్ళేముందు పాస్టరుగారి చేత చిన్న ప్రార్థన చేయించమని తల్లిని అడగడమే అతను చేసిన పొరపాటు. వాళ్ళ సంఘంలో దేశం దాటేవాళ్ళకి ఇంటి దగ్గర సాగనంపు కూటం పెట్టడం ఆనవాయితీ. తాను దాటేది బంటింగ్ పొలిమేర మాత్రమేనని అతను చెప్పేలోపే శనివారానికి బిర్యానీ ఖాయమైపోయింది. రాయబార కార్యాలయం ఆ పై సోమవారానికి వాయిదా పడింది.

కూటంలో అందరూ ఏడ్చారు. అక్క థెరిసా తమ్ముడికి ఉన్నికోటు తొడిగింది. మేనల్లుడు మార్విన్, మావయ్య బైకు తాళంచెవి తీసుకుని, బరువెక్కిన గుండెతో జేబులో వేసుకున్నాడు. ఫ్యాక్టరీ యజమాని ప్రేమ్‌నాథ్, హిందువే అయినా అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నవాడు, నీ భవిష్యత్తుకి అడ్డు రానంటూ పాట్రిక్ ఉద్యోగాన్ని అక్కడికక్కడే వేరొకరికి ఇచ్చేశాడు. ఇల్లు గడిచేది ఆ ఉద్యోగం మీదే. కానీ ఆమెన్ అన్నాక కాదంటే దేవుణ్ణి అనుమానించినట్టే. పాట్రిక్ కోటులో చెమటలు కక్కుతూ అందరికీ చెయ్యూపాడు.

సోమవారం కార్యాలయంలో ఒకావిడ కాగితాలన్నీ మర్యాదగా చూసింది. మీ అమ్మగారు మీరు పుట్టకముందే మలేసియా పౌరసత్వం తీసుకున్నారు, దాంతో ఫ్రెంచి పౌరసత్వం పోయింది, ఇక మీకు సంక్రమించడానికి ఏమీ మిగల్లేదు అంది.

పాట్రిక్ ఇంటికొచ్చి తల్లి ముందు కూలబడ్డాడు.

"నీకిది ముందే తెలుసేటమ్మా?"

"తెలీకేటి? మీ నాన్నని సేసుకున్న ఏడే వొదిలీసినాను. నువ్వు ప్రార్థన సేయించమన్నావు గానీ, ఇది అడగనేదు కదరా."

"పని పోయినాది. ఇప్పుడేటి తిని బతుకుతాం?"

జోసఫీన్ నిదానంగా ఫోను అందుకుంది. "కంగారు పడకురా. పంపినోళ్ళకి రప్పించడం సేతకాదేటి?"

శనివారం అదే ఇంట్లో, పాట్రిక్ క్షేమంగా తిరిగొచ్చినందుకు కృతజ్ఞతా కూటం జరిగింది. ఎక్కడినుంచని ఎవరూ అడగలేదు, మళ్ళీ బిర్యానీ ఉంది కదా. ప్రేమ్‌నాథ్ కళ్ళు తుడుచుకుని ఉద్యోగం తిరిగిచ్చాడు. థెరిసా కోటు పట్టుకుపోయింది.

బైకు సంగతి మాత్రం మార్విన్ ఇంకా ప్రార్థనలో పెట్టానంటున్నాడు.