ఎంగిలి చేతుల శిక్షణ

ఆ ఉదయం శిక్షకుడు రవికుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఖమ్మంలో శిక్షణకొచ్చిన నలుగురు పెద్ద అధికారులను జూలూరుపాడు అవతల, అడవి అంచున ఉన్న తండాకు తీసుకెళ్ళాలి. పేదరికాన్ని సంపాదన ఒక్కటే చూసి కాక, నీళ్ళు, పొయ్యి, చదువు, ఆరోగ్యం అన్నీ కలిపి ఎలా కొలవాలో ఒక ఇంట్లో చూపించాలి. ఆ ఇల్లు అతని అత్త కమ్లిదే. కట్టెల పొయ్యి, వాగు నీళ్ళు కళ్ళారా చూస్తే, ఏళ్ళ తరబడి మూలుగుతున్న తండా పైపులైను ఫైలు కదులుతుందని అతని ఆశ.

పాపం, అల్లుడి ఆశ అల్లుడిది, అత్త పరువు అత్తది. అల్లుడి సార్లు వస్తున్నారనగానే కమ్లి తండా అంతా తిరిగేసింది. జైరాం కుర్చీలు, లాలు మోటారుసైకిలు, సంగీత గ్యాస్ పొయ్యి, ఆమెదే నిండు నీళ్ళ డ్రమ్ము, అన్నీ ఇరుగుపొరుగు దగ్గర అడిగి తెచ్చి ఇంట్లో కొలువుదీర్చింది. అధికారులతో గుమ్మంలో అడుగుపెట్టిన రవికుమార్ అత్తను పక్కకు లాగాడు.

"ఏందత్తా ఇది? ఉన్నది ఉన్నట్టు ఉంచమన్న గదా!" అని గొణిగాడు.

"ఊకో అల్లుడా! ఏం లేనోళ్ళ పిల్లను చేసుకున్నవని నీ సార్లు అనుకోవాల్నా?"

అందరిలోకీ పెద్దాయన, ఆ పైపులైను ఫైలు మీద సంతకం పెట్టాల్సిన వెంకటరామారావు, కొలత ఫారంలో టకటకా టిక్కులు పెట్టి, "అబ్బే, పేద కుటుంబం కాదండీ" అని తేల్చేశాడు. "ఇంత బాగున్న తండాకు పైపులైను దేనికయ్యా? ఆ ఫైలు మూసేద్దాం."

రవికుమార్ నిజం చెబితే అత్త తల ఎత్తుకోలేదు, చెప్పకపోతే తండాకు నీళ్ళు రావు.

కమ్లి మాత్రం "తినకుండ పోతే నేనూకోను" అంటూ నాటుకోడి కూర వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టారో లేదో, లాలు వచ్చి బండి తీసుకుపోయాడు. సంగీత కూతురు పొయ్యి ఎత్తుకెళ్ళింది. తర్వాత జైరాం తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఏమనుకోకుండ్రి సార్, మా ఇంటికీ చుట్టాలొచ్చిండ్రు. కుర్చీలు గావాలె."

వెంకటరామారావు కంచం పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు. తిన్నాక చెయ్యి కడుక్కుందామని చూస్తే డ్రమ్ములో చుక్క లేదు.

"నీళ్ళేవమ్మా?"

కమ్లి సిగ్గుతో చచ్చిపోయింది. "అవి సంగీతయి సార్. బిందెలతో తోడుకపోయింది. మా నీళ్ళు వాగుల ఉన్నయి. గీడనే."

ఆ "గీడనే" ఎంత దూరమో నడిచినవాళ్ళకే తెలుస్తుంది. నలుగురు అధికారులూ ఎంగిలి చేతులు పైకెత్తి, ఈగలు తోలుకుంటూ ఎర్రటి ఎండలో నడిచారు. సగం దారిలోనే కూర వేళ్ళకు ఎండిపోయింది.

"రానూపోనూ అరగంట దాటితే నీళ్ళు లేనట్టే లెక్క సార్," అని రవికుమార్ మెల్లగా పాఠం అందుకున్నాడు.

"నాకు తెలుసు! చెయ్యి చురచురమంటోంది, నడవవయ్యా!" అని కసిరాడు వెంకటరామారావు.

ఆ నెలలోనే పైపులైను మంజూరైంది. ఫైలులో అత్యవసరానికి కారణం ఏమిటన్నచోట పెద్దాయన స్వయంగా రాశాడు: "భోజనానంతరం అధికారులు చేతులు కడుక్కొనుటకు."