కడుపు కిరాయినామా

2007లో మన గద్వాల న్యాయశాస్త్రానికి చేసిన సేవను ఎవరూ ఎక్కడా రాసిపెట్టకపోవడం విచారకరం. అద్దె గర్భానికి దేశంలో చట్టమే లేని రోజుల్లో, కోర్టు ఎదుట కూర్చునే దస్తావేజుల రైటర్ గౌస్ పాషా ఒక్క పూటలో దానికి ఒప్పందం రాసిచ్చాడు.

రాయించుకున్నది విత్తనాల వ్యాపారి భానుప్రకాశ్. రైతులకు పత్తి విత్తనమిచ్చి, వాళ్ల చేనులో పండించి, పంటంతా తీసుకుపోవడం ఆయన వృత్తి. సంతానం విషయంలోనూ ఆయనకు ఇదే పద్ధతి న్యాయంగా తోచింది. ఆయనకూ, భార్య ఉమారాణికీ బిడ్డను మోసిపెట్టడానికి అయిజ దగ్గరి పల్లెకు చెందిన పెంటమ్మ ఒప్పుకుంది. పెంటమ్మ వాళ్ల చేనులో బోరు ఎండిపోయింది మరి.

షరతులు ఘనంగా కుదిరాయి. పెంటమ్మ మెట్లు ఎక్కరాదు. జొన్నరొట్టెకు పచ్చికారం అద్దుకోరాదు. పొద్దున్నే సుప్రభాతం వినవలెను. ఎవరితోనూ కొట్లాడరాదు. సిద్ధాంతి పెట్టిన ముహూర్తానికే ప్రసవించవలెను. పెంటమ్మ అన్నీ పాటించింది. కొట్లాడరాదన్న షరతు పుణ్యమా అని ఆమె అత్త నెలల తరబడి ప్రతి తగాదాలోనూ గెలిచి, ఒళ్లు చేసింది.

గౌస్ పాషా దగ్గరున్న నమూనా ఒక్కటే, ఇల్లు కిరాయికిచ్చే ఒప్పందానిది. దాని చివర ఈ షరతులు అతికించాడు. పై భాగం ముట్టుకోలేదు. పెద్దమనుషులు కాబట్టి ఎవరూ చదవకుండానే సంతకాలు పెట్టారు.

నెలలు నిండకముందే పెంటమ్మకు కాళ్లు వాచి, కళ్లు తిరిగాయి. గద్వాలలో ఓ ప్రైవేటు దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి, ఇప్పుడే ఆపరేషన్ చేయకపోతే తల్లీ బిడ్డా దక్కరంది. భానుప్రకాశ్ అడ్డు నిలబడ్డాడు. "ముహూర్తం పౌర్ణమికి. రాసుకున్న మాట రాసుకున్నట్టే జరగాలె!" అంటూ వకీలును పిలిపించాడు.

పెంటమ్మకు భయమేసింది. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. తను పోతే వాళ్ల గతేమిటన్నదే ఆమె బెంగ.

వకీలు స్ట్రెచర్ పక్కనే నిలబడి, కోర్టులో ఉన్నట్టే గొంతు సవరించుకున్నాడు. "కాన్పు ఎప్పుడు కావాలో బాండు పేపరు నిర్ణయించజాలదు! ఆమె వద్దంటే ఏ జడ్జీ ఆపరేషన్ చేయించడు, కావాలంటే ఏ జడ్జీ ఆపడు. అదీగాక, రెండో పేరా చూడండి. 'ఇంటికి మరమ్మతు అవసరమైనచో నిర్ణయం పూర్తిగా యజమానిదే. కిరాయిదారు అడ్డుచెప్పరాదు.' ఇందులో కిరాయిదారు తమరు. యజమాని పెంటమ్మ."

రేషను కార్డులో యజమాని మొగుడు కురుమూర్తి. పాసుబుక్కులో మామ. ఆ మాట పక్కన తన పేరు వినడం పెంటమ్మకు పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. కళ్లు తిరుగుతున్నా ఆమెకు నవ్వొచ్చింది.

"ఏంది సారూ, నా కడుపుకు నేనే యజమానినా?"

"కాగితం గట్లనే అంటుందమ్మా."

నర్సు ఆపరేషన్ అనుమతి కాగితం తెచ్చింది. అలవాటు కొద్దీ దస్కతుకు కురుమూర్తి చెయ్యి చాపాడు. పెంటమ్మ నర్సు చేతిలోని పెన్ను తనే అందుకుంది. "జర ఆగు, నువ్వు కాదు. నేను పెడ్త. జల్ది కానియ్ డాక్టరమ్మా!"

"ముహూర్తం గంగల కలవనీ, ముందు ఆమె బతకాలె," అని ఉమారాణి మొగుణ్ని పక్కకు లాగేసింది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఇక్కడితో అయిపోతే బాగుండేది.

వారం తిరగకముందే గౌస్ పాషా బల్ల ముందు ఆడవాళ్లు బారులు తీరారు. "సాబ్, మాది అద్దె గిద్దె కాదు, సొంత మొగుడే. అయినా మాకు గూడ గసొంటిదే రాసియ్యి" అన్నారు.

పట్టణ ప్రముఖులు అత్యవసరంగా సమావేశమయ్యారు. "స్త్రీ దేవత! దేవతకు యాజమాన్యపు యాతన మనం అంటగట్టవచ్చునా?" అని అధ్యక్షులు గద్గద స్వరంతో ప్రశ్నించారు. చప్పట్లు మోగాయి. గౌస్ పాషా క్షమాపణ చెప్పుకుని కొత్త నమూనా అచ్చు వేయించాడు. అందులో యజమాని అన్నచోట, ఎవరూ శ్రమపడకుండా, 'భర్త పేరు' అని ముందే వేసి ఉంది.

ఈసారి చదువుకున్నవాళ్లంతా దాన్ని శ్రద్ధగా చదివారు. తప్పేమీ లేదన్నారు. మీరూ చదవండి. మీకూ కనిపించదు.