ముత్యం వీలునామాకు సాక్షులు

ఆ సోమవారం పొద్దున ముత్యం బట్ట నేసే సాంచాలు బంద్ చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, ఇంటి కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అన్నం వేళకు వీలునామా రాయించి తిరిగి రావాలని అతని ఆలోచన. సిరిసిల్లలోని ఆ రెండు గదుల ఇల్లు అతని పేరున ఉంది. దాన్ని ముప్పై ఏళ్లుగా నిలబెట్టింది మాత్రం భర్త పోయాక పుట్టింటికి వచ్చిన అక్క కమలవ్వ. ముత్యం కొడుకు, తల్లి లేని శ్రీహరిని పెంచింది కూడా ఆమే. కరీంనగర్‌లో స్థిరపడ్డ ఆ శ్రీహరి అప్పుడే ఇంటికి బేరం అడిగిస్తున్నాడు. తను పోతే అక్క వీధిన పడుతుందని ముత్యానికి తెలుసు.

దస్తావేజులు రాసేవాడు కాగితం రాసిచ్చి ఆఖరున సంతకాల గీతలు చూపించాడు.

"నిన్నెరిగినోళ్లు ఇద్దరు సాక్షులు కావాలె, పెద్దమనిషీ. ఆ సంతకాలు లేకుంటే గిది ఉత్త కాగితమే."

ముత్యం పక్కింటి వెంకటి దగ్గరికి వచ్చాడు.

"జర వచ్చి ఒక సంతకం పెట్టు. వీలునామా రాయిస్తున్న. ఎవ్వలికి చెప్పకు."

వెంకటి చేతిలోని నూలు కండె కింద పెట్టాడు. "డాక్టర్ ఏమన్నడే అన్నా?"

"డాక్టరెందుకు? నాకేం గాలే."

"మా మామ గూడ గట్లనే అన్నడు."

వెంకటి సంతకం పెట్టలేదు గానీ మాట నిలబెట్టుకున్నాడు. పెళ్లానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. పదకొండింటికి ఎదురింటి కొమురవ్వ బోటికూర గిన్నెతో వచ్చింది. పోయేవాడికి తినాలనిపించింది పెట్టకపోతే ఆ ఆశ ఊరికే పోదని ఆ గల్లీ నమ్మకం.

"తిను తమ్మీ. రేపు నా మనసుల ఉండొద్దు."

"నాకేం రోగం లేదవ్వా."

"లేదు లేదు. ఇంకొక్క ముక్క."

తర్వాత తలకాయ కూర వచ్చింది. గారెలు వచ్చాయి. వద్దంటే "అన్నం పోతలేదంట, ఇగ దినమో పూటో" అన్నారు. తింటే "ఆఖరి ఆకలి గట్లనే ఉంటది" అన్నారు. నలభై ఇళ్ల గిన్నెలు వాకిట్లో వరుసలో నిలిచాయి. కమలవ్వ మూలన కూర్చుని, "ఊరందరికి చెప్పినవ్, నాకొక్కదానికే చెప్పకపోతివి గదరా" అని ఏడ్చింది. తనకేం కాలేదని ఆమెను నమ్మించడానికి ముత్యం ఇంకో రెండు గారెలు తిన్నాడు.

పొద్దుగూకక ముందే అతన్ని దవాఖానకు మోసుకెళ్లారు. ఏం తిన్నావని డాక్టర్ అడిగాడు. నర్సు రాస్తూ రాస్తూ కాగితం రెండో వైపు తిప్పింది. శ్రీహరి వచ్చి గంటసేపు గట్టిగా ఏడ్చాడు. తర్వాత ఇంటికి వెళ్లి, దాని వెడల్పును అడుగులేసి కొలిచాడు.

నాలుగో రోజు ముత్యం నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. మళ్లీ కాగితం తీశాడు.

"దేవుడు వాపసిచ్చిన పానం," అన్నాడు వెంకటి. "నేను సంతకం పెట్టి మల్ల పైకి పంపాల్నా? నోటితోని చెప్పు. ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడి చెప్త."

నలభై ఇళ్లలోనూ అదే మాట. ముత్యం ఇంటింటికీ తిరిగి, ఇల్లు అక్కదేనని చెప్పాడు. అందరూ ఒట్టేశారు. బతుకమ్మ పండుగ పోయాక చూద్దామనుకున్నాడు. ఆ తర్వాత మేడారం జాతర పోయాక అనుకున్నాడు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం సాంచా పక్కన కూలబడి, మరి లేవలేదు. ఈసారి గిన్నె తెచ్చే తీరిక కూడా ఎవరికీ దొరకలేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక శ్రీహరి బేరగాణ్ణి లోపలికి పిలిచాడు. గల్లీ అంతా లేచి నిలబడింది.

"ఇల్లు కమలవ్వది," అన్నాడు వెంకటి. "మీ బాపు నాతోని చెప్పిండు."

"నాతోని గూడ," అంది కొమురవ్వ. నలభై మందీ అదే చెప్పారు. ఒక్కరి గొంతూ వణకలేదు.

శ్రీహరి తండ్రి సంచిలోంచి వీలునామా తీసి చివరిదాకా చదివాడు. "సాక్షుల కాడ ఖాళీ ఉన్నది గదా, కాకా."

గోడకు ఆనుకున్న కమలవ్వ ఒక్కొక్కరి మొహం చూసింది.

"సరే, మీ మాట అబద్ధమని నేనంటలే," అన్నాడు శ్రీహరి. "ఇల్లు మాత్రం అమ్ముతున్న. అత్తమ్మను మీల ఎవరు తీస్కపోతరో చెప్పున్రి."

నలభై మంది సాక్షులూ చెప్పులు వెతుక్కోసాగారు.