మాస్టారి కారు మీద గీత

ఆదివారం పొద్దున్నే భార్యను తీసుకుని ఊరి చివరనున్న వదినగారింటికి భోజనానికి వెళ్ళాలని లెక్కల మాస్టారి ఆలోచన. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ గేటు దాటి, అక్కడే ఆగిపోయారు. ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా, స్కేలు పెట్టినా రానంత తిన్నగా, ఎవరో కారు మీద మేకుతో గీత గీసి పోయారు.

తన వీపు మీద గీసినంత బాధేసింది మాస్టారికి. భార్య మాత్రం ఫోన్‌తో ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెబుదామంది. కారు కొన్న నాటి నుంచీ ఒక్క క్లెయిమూ పెట్టని మనిషాయన. ఆ బుద్ధిమంతతనానికి కంపెనీ ఏటా ప్రీమియంలో కొంత తగ్గిస్తుంది. క్లెయిమ్ పెడితే ఆ తగ్గింపు పోతుంది, పెట్టకపోతే రంగు ఖర్చు నెత్తిన పడుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆమె ఇంకేదో చెప్పబోతే, "లెక్కలు నాకొదిలెయ్," అని లోపలికి నడిచారు. పోతూ పోతూ, ఎదురింటి బాల్కనీలో పొద్దస్తమానం కూర్చునే రిటైర్డ్ రైల్వే గార్డును కారు మీద ఓ కన్నేసి ఉంచమని బతిమాలుకున్నారు. మాస్టారి లెక్క తేలేసరికి వదినగారింట్లో భోజనాలైపోయి గిన్నెలు కూడా కడిగేశారు.

తేలిన లెక్క ప్రకారం క్లెయిమ్ వద్దు. మర్నాడు ఓ షెడ్డులో చవగ్గా రంగు వేయించారు. గీత మాయమైంది గానీ, ఎండలో ఆ రెండు తలుపులూ వేరే కారు దగ్గర అరువు తెచ్చుకున్నట్టు కనిపించాయి. అందులో తాను ఎక్కేది లేదని భార్య తేల్చి చెప్పింది.

అప్పుడు రంగంలోకి దిగాడు బావమరిది. సలహా ఇవ్వడానికి ఎదుటివాడు అడిగేదాకా ఆగే అలవాటు లేని మనిషి. క్లెయిమ్ పెడితే తలుపులు రెండూ కొత్తవైపోతాయన్నాడు. తగ్గింపు పోతే పోయింది, ఇంట్లో మాటామంతీ ఉంటే చాలనుకుని మాస్టారు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, ఏజెంటుకు ఫోన్ చేశారు. రేపు పొద్దున్నే సర్వేయరు వచ్చి దెబ్బ చూస్తాడని ఏజెంటు చెప్పాడు.

ఫోన్ పెట్టేశాక వెలిగింది మాస్టారికి. చూడటానికి దెబ్బేదీ?

"ఉన్న గీతే కదా బావా," అన్నాడు బావమరిది. "మూసేసింది మళ్ళీ తెరవడమే. కొత్తగా చేసే పాపమేముంది?"

మర్నాడు పొద్దున, నలుగురూ చూస్తే నగుబాటని ముఖానికి జేబురుమాలు కట్టుకుని, నెత్తిన బావమరిది టోపీ పెట్టుకుని, మేకుతో మాస్టారు కారు పక్కన గొంతుక్కూర్చున్నారు. పాత గీత జాడ పట్టుకుని సగం దూరం వచ్చారో లేదో, వీధి అదిరేలా విజిల్ మోగింది. గార్డుగారు మాట తప్పే మనిషి కాదు. ఇళ్ళలోంచి జనం పరుగెత్తుకొచ్చారు. పక్కింటి లాయరు మాస్టారిని వెనక నుంచి వాటేసుకుని, పోలీసులొచ్చేదాకా వదల్లేదు. బావమరిది ఆ గుంపులో ఎక్కడా కనిపించలేదు.

ఎస్సై వచ్చి జేబురుమాలు విప్పించాడు.

"మాస్టారూ, ఫిర్యాదు చేసిందీ మీరే, దొరికిందీ మీరే," అన్నాడు ఎస్సై. "నేనిప్పుడు ఎవరి తరఫున రాసుకోను?"

సరిగ్గా అప్పుడే సర్వేయరు స్కూటరు దిగాడు. సంగతంతా విని నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్‌గారు ఆదివారమే కంపెనీకి ఫోటోలు పంపారండీ. తర్వాత రంగు వేయించారని కూడా చెప్పారు. క్లెయిమ్ దాదాపు ఖాయమే, ఊరికే ఓసారి కళ్ళారా చూసి పోదామని వచ్చాను." మాస్టారి చేతిలోని మేకు వంక చూశాడు. "చూశాను కదండీ."

భార్య గేటు దగ్గర నిలబడి ఉంది. నాతో ఎందుకు చెప్పలేదని మాస్టారు కళ్ళతోనే అడిగారు. లెక్కలు మీకే వదిలేశానుగా అని ఆమె పైకే అంది.

ఎస్సై నాలుగు మాటలని, ఫిర్యాదు వెనక్కి తీయించి వెళ్ళిపోయాడు. కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది కాబట్టి మాస్టారి తగ్గింపు మాత్రం చెక్కు చెదరలేదు. కార్లు గీసేవాడు దొరికిపోయాడని ఆ వీధంతా నిశ్చింతగా ఉంది, అసలు గీసినవాడితో సహా.