ఎడమ తలుపు మీద లప్పం

ఆ ఆదివారానికి మోహనకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి భార్య కుమారి స్నేహితురాలితో కలిసి చీరలు కొనడానికి పొందూరు వెళ్తుంది. సాయంత్రం ఐదు దాటితే గానీ తిరిగి రాదు. ఈలోగా కారు తలుపుకి పడిన సొట్టని లప్పంతో పూడ్చి, నున్నగా రుద్ది, రంగు కొట్టేయాలి. తర్వాత స్నానం చేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి.

కారు అతనిది కాదు. కుమారి అన్నయ్య చినబాబుది. చినబాబు చీపురుపల్లి అవతలి పల్లెలో వరి రైతు. నాట్ల రోజుల్లో కారుతో తనకేం పని అని, వారం రోజులు వాడుకోమని గరివిడిలో ఉండే బావగారికి తెచ్చి ఇచ్చాడు. తాళంచెవితో పాటు ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాడు. కొని నాలుగేళ్ళయిందట, ఇంతవరకు ఒక్క గీత పడలేదట, పైనున్నది కంపెనీ వేసిన పెయింటేనట. పోయేటప్పుడు తలుపుని ఒకసారి దూడని నిమిరినట్టు నిమిరి మరీ వెళ్ళాడు.

శనివారం భార్యాభర్తలు ఆ కారులో భావనపాడు సముద్రానికి వెళ్ళారు. కుమారి చేపల బేరంలో ఉండగా మోహనకృష్ణ కారుని వెనక్కి తిప్పబోయి, ఇసుకలో ఉన్న ఫైబర్ పడవ ముక్కుకి ఎడమ వెనక తలుపుని తగిలించాడు. పడవ యజమాని గంగులు పరుగున వచ్చి ముందు పడవ చూసుకున్నాడు. తర్వాత కారు చూశాడు. చూశాక అతని కోపం పోయి జాలి కలిగింది. "పడవకేటీ అవనేదు బాబూ, మీకే తగిలీసినాది," అని ఓదార్చి వెళ్ళిపోయాడు.

అరచేతి వెడల్పున సొట్ట పడింది. కుమారి చేపల సంచీతో కుడి వైపు నుంచి వెనక సీట్లోకి ఎక్కింది కాబట్టి చూడలేదు. ఇల్లు చేరాక మోహనకృష్ణ ఎడమ వైపు గోడకేసి వచ్చేలా కారు పెట్టి, ఊపిరి పీల్చుకున్నాడు.

టింకరింగ్ పని చేసే నూకయ్య షెడ్డు స్టేషన్ రోడ్డులోనే ఉంది. ఒక పూట కారు వదిలితే చాలు. కానీ మోహనకృష్ణ పాలిటెక్నిక్‌లో పన్నెండేళ్ళుగా వర్క్‌షాప్ పాఠం చెబుతున్నవాడు. దెబ్బ తగిలిన రేకు ఏ వైపు ఎందుకు వంగుతుందో మూడు రంగుల సుద్దముక్కలతో బోర్డు మీద గీయగలడు. ఇంట్లో మేకు కొట్టాల్సి వస్తే మాత్రం కుమారి కొడుతుంది. అలాంటి మేష్టారు కారు సొట్ట తీయించుకోవడానికి నూకయ్య ముందు నిలబడితే, అటుగా పోయే శిష్యులు ఏమనుకుంటారు? అందుకని ఫోన్ని ఆశ్రయించాడు. ఫోన్లో డేటా చవకైన రోజులవి. ఎవరికీ రాని పనంటూ లోకంలో లేకుండా పోయింది. లప్పం పనిని సులువు చేసే చిట్కాలు చెప్పే వీడియో ఒకటి దొరికింది. దాన్ని మూడుసార్లు చూసి, నోట్సు రాసుకుని, ముఖ్యమైన చోట ఎర్ర గీతలు పెట్టుకున్నాడు.

కుమారి వీధి మలుపు తిరగగానే కారుని తిప్పి పెట్టుకుని పని మొదలుపెట్టాడు. లప్పం నిమ్మకాయంత తీసుకుంటే, గట్టిపడే మందు శనగ్గింజంత కలపాలని వీడియోలో చెప్పారు. శనగ్గింజంతకే గట్టిపడేది నిమ్మకాయంతకి ఇంకా తొందరగా గట్టిపడుతుంది కదా అని మోహనకృష్ణకి తట్టింది. తట్టింది నిజమే. కలపడం పూర్తి కాకముందే లప్పం రాయైపోయింది. దాన్ని కలపడానికి వాడిన కాలేజీ గుర్తింపు కార్డు సగం వరకు అందులో దిగబడి, పైకి ఫొటోలో మేష్టారి నుదురు మాత్రం కనిపిస్తూ మిగిలింది.

రెండోసారి నోట్సు ప్రకారం నడిచాడు. సొట్ట చుట్టూ గరుకు కాగితంతో గీకి, పల్చగా ఒక పొర, అది ఆరాక ఇంకో పొర వేశాడు. లప్పం పూర్తిగా బిగుసుకోకముందే, జున్నులా ఉన్నప్పుడే ఎత్తుపల్లాలు తురిమేయాలి, తర్వాత రుద్దే శ్రమ సగం తగ్గుతుందని వీడియోలో చెప్పారు. వంటింట్లోంచి కొబ్బరి తురిమే పలక తెచ్చాడు. నిజంగానే లప్పం చుట్టలు చుట్టుకుంటూ రాలింది. గరుకు కాగితాన్ని వేళ్ళతో కాక చదునైన దిమ్మకి చుట్టి రుద్దాలన్నారు. బోర్డు తుడిచే డస్టర్ అందుకు అమిరింది. మోహనకృష్ణకి తన మీద తనకి గౌరవం కలిగింది.

వీడియోలో చెప్పిన ఒక్క అయస్కాంతం చిట్కా దగ్గరే చిక్కొచ్చింది. లప్పం పల్చగా ఉంటే దాని మీద అయస్కాంతం అతుక్కుంటుంది, మందంగా ఉంటే జారిపోతుంది. అతను వేసిన చోట బాగానే అతుక్కుంది. దాని కింద, అసలు ముట్టుకోని చోట మాత్రం జారి కింద పడింది. నాలుగుసార్లు పెట్టాడు, నాలుగుసార్లూ పడింది. ఇంకొకరైతే అనుమానించేవారు. మోహనకృష్ణ చదువుకున్నవాడు. కంపెనీలు తలుపుల అడుగు భాగాన్ని ఈమధ్య ప్లాస్టిక్‌తో చేస్తున్నాయని తేల్చుకుని, సోమవారం క్లాసులో చెప్పాలని నోట్సులో రాసుకున్నాడు.

ఇక మిగిలింది చివరి చిట్కా. లప్పం మీద ఏదైనా ముదురు రంగు పొడి అద్ది, తడి కాగితంతో రుద్దితే, పల్లం ఉన్న చోట రంగు మిగిలి తప్పు కనబడుతుంది. వీడియోలో నల్ల పొడి వాడారు. అది లేక దేవుడి అలమారలోంచి కుంకుమ పొట్లం తెచ్చి ఉదారంగా అద్దాడు. బకెట్టుతో నీళ్ళు పోస్తూ రుద్దడం మొదలుపెట్టాడు. ఎర్రటి నీళ్ళు తలుపు మీంచి చక్రం మీదకి, అక్కడి నుంచి గేటు కిందుగా వీధి కాలవలోకి పారాయి.

ఎదురింటి కూర్మమ్మ అరుగు మీద బియ్యం ఏరుతోంది. ఆవిడది, చినబాబు భార్య సుభద్రమ్మది ఒకే పుట్టినూరు. ఆవిడ కాలవ చూసింది. చేట పక్కన పెట్టి, ఎర్ర నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూసుకుంటూ గేటు దగ్గరికి వచ్చింది. మోచేతుల దాకా ఎర్రగా ఉన్న మేష్టారు కనబడ్డాడు.

"ఏటి మేష్టారూ ఇది, ఎక్కడ తగిలినాది?" అంది మెల్లగా.

"భావనపాడులోనండి, నిన్న. వెనక్కి తిప్పుతుంటే చూసుకోలేదు."

"ఎన్నేళ్ళుంటాయి?"

కారు సంగతే అనుకున్నాడు మోహనకృష్ణ. "నాలుగేళ్ళు."

కూర్మమ్మ గేటు ఊచ పట్టుకుంది. "ఎవులైనా సూసినారా?"

"పడవాయనొకడు చూశాడు. పాపం, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు."

"మరి... ఇప్పుడేటి సేసినారు?"

"పొద్దున్నే పూడ్చేశానండి," అన్నాడు మోహనకృష్ణ, కాస్త గర్వంగానే. "పైపైన కడుగుతున్నానంతే. ఎక్కడ పూడ్చామో కనిపెట్టలేకపోవాలి, పనితనమంటే అది. కుమారికి తెలీదు. మీరు కూడా చెప్పకండి."

కూర్మమ్మ మాట తప్పే మనిషి కాదు. కుమారికి చెప్పలేదు. మిగతా వీధికంతా చెప్పి, సుభద్రమ్మకి ఫోన్ చేసింది.

తర్వాత గంటసేపు వీధి జనం తన మీద చూపిన ఆదరణకి మోహనకృష్ణ ఆశ్చర్యపోయాడు. పక్కింటి బుల్లమ్మ మజ్జిగ తెచ్చి, అతను తాగేదాకా నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. చేత్తో పని చేసుకునేవాడంటే మనవాళ్ళకి ఇంత గౌరవమా అనుకున్నాడు. ఆటో నడిపే లక్ష్ముడు గోడ పక్కకి పిలిచి, రాయగడలో తన మావ ఉన్నాడని, ఇప్పుడే బయల్దేరితే ఆటోలో దింపేస్తానని చెప్పాడు.

"మంచి పనోడా?" అని అడిగాడు మోహనకృష్ణ.

"పనోడు కాదు గానీ బాబూ, నోరిప్పడు," అన్నాడు లక్ష్ముడు.

అంత దూరం అక్కర్లేదని, ఇక్కడే అయిపోవచ్చిందని మోహనకృష్ణ చెప్పాడు. ఆ గుండె ధైర్యానికి లక్ష్ముడు ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు.

అయిపోవచ్చిందన్న మాట కూడా నిజమే. ఆఖరుగా వేలి కణుపుతో తట్టి చూడమన్నారు. పైన తడితే రేకు మోగింది. కింద ప్లాస్టిక్ అనుకున్న చోట గోడని తట్టినట్టుంది. ఇంకాస్త గట్టిగా తట్టాడు. ఒక బీట పడింది. ఆ బీట పాక్కుంటూ తలుపు చివరిదాకా పోయింది. పెనమంత పెచ్చు ఊడి కాళ్ళ దగ్గర పడింది. దాని వెనక తలుపు రేకు, నలిపి పారేసిన కాగితంలా ముడుచుకుపోయి ఉంది.

మోహనకృష్ణ బకెట్టు పక్కన కూలబడ్డాడు. వేలి కణుపుతో కారుని నాశనం చేసినవాడు చరిత్రలో ఇంకొకడు ఉండడనిపించింది.

సరిగ్గా అప్పుడే గేటు ముందు ఆటో ఆగింది. చినబాబు, సుభద్రమ్మ దిగారు. అప్పటికి వీధిలో పాతిక మంది చేరారు. సుభద్రమ్మ ఎవరి వంకా చూడకుండా భర్తని లోపలికి నడిపించి, గేటు మూసి గడియ పెట్టింది. వాహనం తన పేరున ఉందన్న ఒక్క ముక్క దారి పొడవునా గొణుక్కుంటూ వచ్చిన చినబాబు ముఖంలో నెత్తురు లేదు.

"తమ్ముడూ, ఎవుల పిల్లోడు?" అని అడిగింది సుభద్రమ్మ.

"ఏ పిల్లోడక్కా?" అన్నాడు మోహనకృష్ణ.

విషయం తేలడానికి పది నిమిషాలు పట్టింది. నాలుగేళ్ళ వయసు కారుదని, పూడ్చినది సొట్టనని, కాలవలో పారింది కుంకుమని తెలిశాక సుభద్రమ్మ గోడకి ఆనుకుని కొంగుతో ముఖం అద్దుకుంది. మోహనకృష్ణ మాత్రం చేతులు జోడించే ఉన్నాడు. మెల్లగానే తట్టానని, ఇలా అవుతుందని తెలిస్తే ముట్టుకునేవాణ్ణి కాదని బావని వేడుకున్నాడు. గీత పడినా మూడు రోజులు అన్నం మానేసేలా కనిపించే చినబాబు, తలుపు వంక ఒకసారి చూసి పక్కకి తిరిగాడు. పోనీ ఇంటికెళ్ళిపోదామని భార్యతో అన్నాడు.

ఆ మాటే అతని కొంప ముంచింది. సుభద్రమ్మ ఆగి, కింద పడిన పెచ్చుని చేతిలోకి తీసుకుంది. అంగుళం మందం ఉంది.

"నువ్వేసిన లప్పం ఏ రంగు తమ్ముడూ?"

"తెలుపక్కా."

"ఇది పచ్చగున్నాది."

మోహనకృష్ణ ముందు పెచ్చు వంక, తర్వాత బావ వంక చూశాడు. "ఇది నాది కాదక్కా," అన్నాడు నెమ్మదిగా.

"కంపినీవోలే ఏసుంటారు," అన్నాడు చినబాబు. "బలానికి."

సుభద్రమ్మ పెచ్చుని అతని ముందుకి చాచి, ఊరికే చూస్తూ నిలబడింది. ఆ చూపు కింద చినబాబు రెండు నిమిషాలు కూడా నిలవలేకపోయాడు. రెండేళ్ళ కిందట రాజాం దగ్గర ఫోను మాట్లాడుతూ కల్వర్టుని గుద్దాడట. కారు పదిహేను రోజులు నూకయ్య షెడ్డులో ఉందట. ఆ పదిహేను రోజులూ, స్నేహితుడి తల్లిని విశాఖపట్నం ఆసుపత్రికి తిప్పడానికి ఇచ్చానని ఇంట్లో చెప్పాడట. సుభద్రమ్మకి బాగా గుర్తుంది. తన భర్త ధర్మగుణం గురించి డ్వాక్రా సంఘం మీటింగులో చెప్పి, నలభై మంది ఆడవాళ్ళ చేత చప్పట్లు కొట్టించింది ఆవిడే.

అబద్ధం ఆడినందుకు మొగుణ్ణి ఏం చేయాలో తర్వాత ఆలోచించవచ్చు. ఆ నలభై మందికి తన ముఖం ఎలా చూపించాలన్నది ముందు తేల్చాలి. గేటు అవతల కూర్మమ్మ ఉంది. కూర్మమ్మకి తెలిస్తే పుట్టినూరికి తెలిసినట్టే. సుభద్రమ్మ కొంచెంసేపు ఆలోచించి మోహనకృష్ణ వైపు తిరిగింది.

"ఈ దెబ్బంతా నువ్వే తగిలించినావు తమ్ముడూ," అంది.

మోహనకృష్ణ అభ్యంతరం చెప్పాడు. పడవ తగిలితే పడింది అరచేయంత. ఇది మూరెడుంది. ఎక్కడ ఎలా గుద్దితే ఇలా అవుతుందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?

"మేష్టారివి కదా, నువ్వే ఆలోసించు. రేకు ఎలాగొంగుతాదో పిల్లలకి సెప్తావు," అంది ఆవిడ. కాస్త తగ్గి మళ్ళీ అంది, "ఈదిలో అందరూ నిన్ను పిల్లోణ్ణి పూడ్సీసినోడనుకుంతన్నారు. తలుపు ఇరగ్గొట్టినావంటే ఎంత తక్కువ మాటో సూసుకో."

లెక్క సరిగానే ఉంది. మోహనకృష్ణ ఒప్పుకున్నాడు.

గేటు తెరుచుకుంది. పిల్లాడూ లేడు, పాడూ లేదని, మేష్టారు కారు తీసుకెళ్ళి కరెంటు స్తంభానికి గుద్దేశారని, ఎవరికీ ఏమీ కాలేదని, కాలవలో పారింది కుంకుమేనని సుభద్రమ్మ వీధికి చెప్పింది. చాలామంది దేవుడికి దండం పెట్టుకున్నారు. అయితే పిల్లాడు అసలు లేడా అని కూర్మమ్మ రెండుసార్లు అడిగి, బస్సు తప్పిపోయినదానిలా ఇంటికి వెళ్ళింది.

చీరల సంచీతో కుమారి వచ్చేసరికి జనం ఇంకా చెదరలేదు. ఆవిడ తలుపు చూసింది, తర్వాత మొగుడి వంక చూసింది. మోహనకృష్ణ తల వంచుకున్నాడు. అప్పుడు చినబాబు నలుగురి ముందూ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీ బావా," అన్నాడు. "రేకుదేటుంది, ఇయాల పోతే రేపొస్తాది. మడిసి ముక్యం."

అన్నగారి మనసు చూసి కుమారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు తుడుచుకున్నాక భర్తతో వారం రోజులు మాట్లాడలేదు. మర్నాడు కారు తీసుకుపోవడానికి వచ్చిన నూకయ్య పచ్చ లప్పాన్ని చూశాడు, చినబాబుని చూశాడు, వృత్తి ధర్మం తెలిసినవాడు కనక ఎవరినీ ఏమీ అడగలేదు.

బామ్మర్దులుంటే చినబాబులాంటివాళ్ళు ఉండాలని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు.