మార్తమ్మ గారి మిషన్ పాట

ఆదివారం పొద్దున ఇడ్లీలు వడ్డిస్తూనే సూర్యకుమారి తన పథకమంతా మొగుడికి చెప్పేసింది. మధ్యాహ్నానికల్లా మార్తమ్మ గారి కుట్టు మిషన్ తమ వసారాలో ఉండాలి. అదీ వెయ్యి రూపాయల లోపు. సంగతి మూడో మనిషి చెవిన పడకూడదు.

"నాకు కావాలని తెలిస్తే పోటీపడి పెంచేస్తారు. ఎక్కడా నోరు జారారంటే ఊరుకోను, చెప్తున్నా."

ఫిలిప్ ఏదో చెప్పబోయి, ఇంకో ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

ఆవిడ కంగారుకి కారణం లేకపోలేదు. గురువారం నాడు ఆవిడ మిషన్ చతికిలపడింది. గుడివాడ మెకానిక్ విప్పి చూసి, సామాను విజయవాడ నుంచి రావాలి, పది రోజులు పడుతుందన్నాడు. మొవ్వ పెళ్లివారి జాకెట్లు తొమ్మిది, బుధవారానికి ఇచ్చి తీరాలి. పెళ్లికూతురి తల్లి సరోజిని గారు మంచావిడే గానీ, చెప్పిన రోజుకి పని అందకపోతే ఆవిడ నోటికి గుడివాడ దాకా అడ్డూ ఆపూ ఉండదు. ఇరవై ఏళ్లుగా కుట్టి సంపాదించుకున్న పేరు ఒక్క పెళ్లితో గంగలో కలిసిపోతుందని సూర్యకుమారికి మూడు రోజులుగా అన్నం సహించడం లేదు.

సరిగ్గా అప్పుడే మార్తమ్మ గారు, తనకి కళ్లు ఆనడం లేదని మిషన్‌ని కోత పండుగకి ఇచ్చేశారు. ఆ రోజు సంఘస్తులు తెచ్చిన వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు అన్నీ చర్చి ఆవరణలో వేలం వేస్తారు. వచ్చిన డబ్బు దేవుడి పనికి. అందుకని ఇరవై రూపాయల సొరకాయని భక్తి కొద్దీ రెండొందలకి పాడే మహానుభావులుంటారు. సూర్యకుమారి భయమల్లా వాళ్లతోనే. ఆవిడకీ భక్తి ఉంది, కానీ ఈ ఒక్క పూట దాన్ని మిషన్ దగ్గరికి రానివ్వదలచుకోలేదు.

అందుకే హంసలదీవి దగ్గర రొయ్యల చెరువుల్లో పనిచేసే పిన్నికొడుకు జయంత్‌ని పిలిపించింది. అతన్ని ఈ ఊళ్లో ఎరిగినవాళ్లు లేరు.

"ఎంతదాకా పాడమంటావక్కా?"

"నా వంక చూస్తూ ఉండు. తలమీద ముసుగు ఉన్నంతసేపూ పాడు. తీశానంటే ఆపెయ్. ఇంకేం చూడకు. నన్ను పలకరించకు."

ఆరాధన అయ్యాక షామియానా కింద వేలం మొదలైంది. వేలం పాడించే సత్యానందం గారు మిషన్ మీద చెయ్యి వేసి "ఐదొందలు!" అన్నారు. జయంత్ ఆరొందలన్నాడు. సూర్యకుమారి ముసుగు సర్దుకుని ఊపిరి పీల్చుకుంది.

"వెయ్యి!"

అన్నది డేనియల్ గారు. రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద. సూదిలో దారం ఎక్కించడమైనా రాని మనిషికి మిషన్ ఎందుకో సూర్యకుమారికి అర్థం కాలేదు. కొత్త కోడలి కోసమై ఉంటుందని తేల్చుకుని, చూడని ఆ కోడలి మీద మండిపడింది.

పాట రెండు వేలు దాటింది. ముసుగు తీద్దామనుకుంది గానీ సరోజిని గారి నోరు గుర్తొచ్చింది. మూడు వేలు. ఇంట్లో ఉన్నది మొత్తం మూడు వేల ఎనిమిదొందలు. డేనియల్ గారు నాలుగు వేలన్నారు. ఇక చాలనుకుని ముసుగు లాగేసింది.

జయంత్ ఇంకా చూడనేలేదు, పాస్టరు గారు లేచి నిలబడ్డారు. "స్తోత్రం! పాత మిషన్ నాలుగు వేలు పలికింది. ఒక్క నిమిషం ప్రభువుని స్తుతిద్దాం."

పక్కనున్న భానుమతి గారు, స్త్రీల సమాజం ప్రెసిడెంటు, మోచేత్తో పొడిచారు. "ముసుగమ్మా, ముసుగు! ప్రార్థన."

చేసేదేముంది, వేసుకుంది. పాస్టరు గారి ఒక్క నిమిషంలో కాలవలు, వరిచేలు, తుపానులు అన్నీ వచ్చాయి. జయంత్ ఒక్కడే కళ్లు మూసుకోకుండా అక్క తలవంకే చూస్తున్నాడు. ఆమెన్ అన్నారో లేదో, "నాలుగున్నర వేలు!" అని అరిచాడు.

సూర్యకుమారి మళ్లీ లాగింది. భానుమతి గారు జాలిపడ్డారు. "ఈ పట్టుచీరలు తలమీద నిలవవమ్మా. ఉండు." అని తన భుజం మీది పిన్నీసు తీసి, కొంగుని కొప్పుకి బిగించేశారు.

అక్కణ్నుంచి సూర్యకుమారి పడ్డ బాధ చెప్పనలవి కాదు. ఒక చేత్తో వెతికింది, రెండు చేతులతో వెతికింది. పిన్నీసు దొరకలేదు. తల అడ్డంగా ఊపింది, కళ్లెర్రజేసింది. ఇంకేం చూడకన్నది తనే గనక జయంత్ ఇంకేమీ చూడలేదు. ఐదు వేలు, ఆరు వేలు. డేనియల్ గారు ఏడు వేలని భానుమతి గారి వంక చూశారు.

"ఏడువేల రెండొందలు!" అన్నాడు జయంత్.

భానుమతి గారు తల అడ్డంగా ఊపారు. డేనియల్ గారు కూలబడ్డారు. సత్యానందం గారు మూడోసారి కూడా అనేసి, పాట జయంత్ పేర కొట్టేశారు.

భానుమతి గారు కళ్లొత్తుకుంటూ సూర్యకుమారి చెయ్యి పట్టుకున్నారు. "ఏమీ అనుకోకమ్మా. నీ మిషన్ పాడైందని మీ ఆయన శుక్రవారం కూడికలో ప్రార్థన చేయించుకున్నాడు. ముప్పై ఆరుగురం తలా కాస్త వేసి ఏడు వేలు పోగుచేశాం. నీకు ఇద్దామనే డేనియల్ గారిచేత పాడించాం. ఎవడో దిక్కుమాలినవాడు తన్నుకుపోయాడు."

సూర్యకుమారి మొగుడి వంక చూసింది. "నేను మనుషులకి చెప్పలేదే! దేవుడికి చెప్పుకున్నాను," అన్నాడు ఫిలిప్ నీళ్లు నములుతూ.

నోరు మూసుకుని ఊరుకుంటే ఎలాగో గట్టెక్కవచ్చని ఆవిడకి ఓ క్షణం అనిపించింది. ఆ క్షణంలోనే జయంత్ మిషన్ తల చంకనెత్తుకుని అందరి మధ్య నుంచీ నడిచొచ్చాడు.

"అక్కా, డబ్బు కట్టమంటున్నారు. నువ్వు ముసుగు తియ్యనంతసేపూ పది వేలకైనా పాడేవాణ్నే!"

షామియానా కింద కోళ్లు కూడా నోరు మూసుకున్నాయి. సూర్యకుమారికి సిగ్గుతో ఏడుపొచ్చింది. ఏడుస్తూనే జరిగిందంతా చెప్పేసింది. భానుమతి గారు జయంత్‌ని చూశారు, ఆ ముసుగుని చూశారు. పిన్నీసు ఊడదీసి తన భుజానికి పెట్టుకుని, ఏడు వేల కవరు ఆవిడ చేతిలో పెట్టారు. మిగతా రెండొందలూ సూర్యకుమారి కట్టింది.

"వెయ్యి లోపే వచ్చింది కదా," అన్నాడు ఫిలిప్, ఆటోలో మిషన్‌ని పట్టుకుని.

మిషన్ మాత్రం బంగారంలా నడిచింది. బుధవారం పొద్దుటికే తొమ్మిది జాకెట్లూ మొవ్వ చేరాయి. అదే సాయంత్రం భానుమతి గారు ఓ జాకెట్టు గుడ్డ పట్టుకొచ్చారు.

"తొందరేం లేదమ్మా, తీరుబడిగానే కుట్టు."

కూలి మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తే ధైర్యం సూర్యకుమారికి లేదు. కొలతలు రాసుకుని తలెత్తేసరికి, గుమ్మంలో మరో ముప్పై ఐదుగురు గుడ్డలు పట్టుకుని నిలబడి ఉన్నారు.